కాల్చకముందే గుబాళించిన కాటేజ్ పై

నేను జీవితంలో ఒక్కసారే ఇంగ్లిష్ వంట చేశాను. ఆ ఒక్కసారికే ఒక తండ్రి కొంప ముంచినంత పని చేశాను. నవ్వుకోండి, పరవాలేదు. తిట్టడం మాత్రం చివరిదాకా చదివాక మొదలుపెట్టండి.

అప్పుడు దుబాయ్ పక్కనున్న ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఆఫీసులో టీ కాచేవాణ్ణి. మా ముదీర్, అంటే మేనేజరు, ఇంగ్లండు మనిషి. చలికాలం వస్తే ఇంటి నుంచి గాజుగిన్నెలో ఏదో తెచ్చుకునేవాడు. ఒకరోజు నాకూ రెండు చెంచాలు పెట్టాడు. కింద కీమా, పైన వెన్నతో మెదిపిన ఆలుగడ్డ, దాని మీద ఎర్రగా కాలిన పొర. పేరు కాటేజ్ పై. ఎలా చేస్తారని అడిగితే, "చాలా తేలిక, ముందు ఓవెన్ వేడిచేసుకో, అంతే" అన్నాడు. వంటలు పాడయ్యేది తేలిక అన్న మాట నమ్మినవాళ్ల చేతుల్లోనే.

గదిలో మేం ముగ్గురం. రాయచోటి యూసుఫ్ భాయ్ డ్రైవరు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన రాజన్న కట్టడాల దగ్గర షట్టరింగ్ పని చేసేవాడు. రాజన్న దుబాయ్ వచ్చాక అతనికి కూతురు పుట్టింది. సెలవు అడిగినప్పుడల్లా కరోనా అనో, పని ఎక్కువనో వాయిదా వేశారు. పిల్లకు మాటలొచ్చి, నడకొచ్చి, అలగడం కూడా వచ్చింది కానీ, తండ్రి మాత్రం ఫోన్‌లోనే ఉండిపోయాడు. చివరికి ఒక జనవరిలో సెలవు దొరికింది. నేను ఆ వంట చేసిన రోజు సాయంత్రమే ప్రయాణం.

బయట సముద్రపు గాలి కిటికీలను పట్టి ఊపుతోంది. ఇంత చలిలో అన్నను ఒట్టి పప్పన్నంతో పంపిస్తానా? "అన్నా, నీకు ఇంగ్లిష్ దావత్ ఇస్త" అన్నాను.

"గీ ఆలుగడ్డలు మెదుపుడు ఇంగ్లిషా? మా అవ్వ గూడ మెదుపుతది" అన్నాడు రాజన్న, పెట్టె సర్దుకుంటూ.

ఇక మా వంటింటి సంగతి. మాకంటే ముందున్నవాళ్లు వదిలేసిన గ్యాస్ పొయ్యి, దానికింద ఓవెన్. మనవాళ్ల ఇళ్లలో ఓవెన్ చేసే పని మీకు తెలియనిది కాదు. పెనాలు, మూకుళ్లు, జతలేని మూతలు దాచిపెడుతుంది. అది వెలుగుతుందని కూడా మేం మరిచిపోయాం. నేను ముందున్న పెనాలు తీసి పక్కన పెట్టాను. వెనక బోర్లించిన పెద్ద తాంబాళం కనబడింది. అది ఇనుమే కదా, వేడెక్కితే ఏమవుతుందిలే అనుకుని, వంగి చూడకుండా ఓవెన్ వెలిగించి తలుపు మూశాను.

కీమా వేయించాను. ముదీర్ ఇంట్లో ఎద్దు మాంసం వేస్తారట, మేం మేకతో సరిపెట్టుకున్నాం. గిన్నెలో సర్ది, పైన ఆలుగడ్డ పరుస్తున్నాను. అంతలో ఇల్లంతా కమ్మటి వాసన.

యూసుఫ్ భాయ్ ముక్కు ఎగబీలుస్తూ వచ్చాడు. "ఏం వాసనప్పా సాయిలూ. ఇంగ్లిషోళ్ల కీమాలో ఇంత తీపి ఉంటాదా?"

"చేసే చెయ్యిని బట్టి ఉంటది భాయ్" అన్నాను.

"బిస్కెట్ల ఫ్యాక్టరీ ముందర నిలబడినట్టుంది గదప్పా."

నేను ఉబ్బిపోయాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నా దగ్గర ఆలూ ఉంది, కీమా ఉంది, పుట్టాల్సిన పై మాత్రం ఇంకా నా చేతుల్లోనే ఉంది. అవునండీ, గిన్నె నా చేతుల్లో ఉంటే ఓవెన్‌లో ఉడుకుతున్నదేమిటి? ఆ ప్రశ్న నాకంటే ముందు రాజన్నకు తట్టింది. గదిలోంచి పరుగెత్తుకొచ్చి ఓవెన్ తలుపు లాగాడు.

తాంబాళం కింద రేకుడబ్బా. డబ్బాలో ఇన్నాళ్లుగా కూతురి కోసం కూడబెట్టిన చాక్లెట్లు. మా నోళ్లకు దొరకకూడదని, ఈ ఇంట్లో ఎవరూ ముట్టని చోటు చూసి దాచుకున్నాడు. ఇప్పుడు అవన్నీ కలిసి నల్లటి మడుగయ్యాయి. వాటికి చుట్టిన ఎర్ర, బంగారు రంగు కాగితాలు అందులో తేలుతున్నాయి.

"అన్నా, తప్పైంది. ఎయిర్‌పోర్టుల కొత్తయి కొనిస్త."

రాజన్న డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. "కొనుడు కాదు ర. రోజు ఫోన్‌ల ఇదే డబ్బ సూపెట్టిన. పిల్ల నన్ను సూసి ఏడుస్తదేమో అని భయమైతుంది. డబ్బ సూస్తెనన్న దగ్గరికి వస్తదనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. యూసుఫ్ భాయ్ మాత్రం కాగితాలు ఏరేసి, డబ్బాను గుడ్డతో పట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టాడు. "యల్లా, కానీండప్పా, అది గడ్డకట్టేలోపల మనం తిందాం" అన్నాడు. చాక్లెట్ వాసన పట్టిన ఓవెన్‌లోనే పై కాలింది. ముగ్గురం వేడివేడిగా తిన్నాం. రాజన్న రెండోసారి పెట్టించుకున్నాడు కూడా. మా అన్న కోపంలోనూ నన్ను చిన్నబుచ్చే మనిషి కాదు. చాక్లెట్లు ఒకే ఒక్క గుండ్రటి బండగా గట్టిపడ్డాయి. దాన్నే డబ్బాతో సహా లుంగీలో చుట్టి పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వారం తిరగకముందే ఫోన్ చేశాడు. తిట్లకు సిద్ధపడి ఎత్తాను.

"పిల్ల తల్లి ఎనక దాక్కున్నది ర. డబ్బ సూపెట్టినా రాలే. కత్తితోని కోస్తె గా బండ తెగలే. ఇగ రోట్లేసి రోకలితోని కొట్టిన. దెబ్బకోసారి నవ్వింది, ఓసారి ఓ అడుగు ముందుకొచ్చింది. ఆఖరుకు రోకలి పట్టుకొని, 'బాపూ, నేను కొడ్త' అన్నది."



మరుసటి నెల యూసుఫ్ భాయ్ సెలవు మీద వెళ్తూ ఒక చాక్లెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "మా ఇంట్లో గూడా ఓ చంటిది ఉండాదప్పా. వీటిని రవంత కాల్చిపెట్టు."

అందుకే అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై వంగి చూడకుండా ఏ ఓవెనూ వెలిగించను. కాల్చమని ఏ తండ్రయినా తన చేత్తో తెచ్చి ఇస్తే మాత్రం, ఆ పాపం నాది కాదు.