గీత కింద కనిపించే అబద్ధం

ఆటోక్లేవ్ తలుపు తెరిచినప్పుడల్లా ఉలవలు ఉడికిన వాసన వస్తుంది. ఆటోక్లేవ్ అంటే మరేం కాదు, మనిషంత ప్రెషర్ కుక్కరు. క్రిములు పెంచడానికి వాటికి వేసే మేతని, మీడియా అంటాం, మేం అందులోనే కాస్తాం, ఆ వాసన దానిదే. ఈ ఉదయం కూడా తలుపు తెరవగానే ఆవిరి నా కళ్ళద్దాల మీద కమ్మేసి ఒక్క క్షణం ఏమీ కనపడలేదు. కొత్తగా చేరిన పిల్లలు ముక్కు చిట్లించారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే వీపు దానంతటదే నిటారుగా అవుతుంది, వెనకాల అప్పలరాజు గారు నిలబడ్డారేమోనని. ఆయన పోయి రెండేళ్ళయింది. నా వీపుకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

అప్పలరాజు గారు నా మొదటి బాస్. విశాఖపట్నం శివార్లలో ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలో మైక్రోబయాలజీ విభాగానికి పెద్ద. జాలరిపేటలో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి, అన్నలు చేపల వేటకి వెళ్ళే ఇంట్లో ఆయనొక్కరే ఎమ్మెస్సీ దాకా చదివారు. ఏటా సింహాచలం కొండకి వెళ్ళి అప్పన్నకి తలనీలాలిచ్చి వచ్చేవారు. "గుండు మీద బేక్టీరియాకి జాగా తక్కువ," అనేవారు. నాకు తెలిసి ఆయన వేసిన జోకు అదొక్కటే, అదీ ప్రతి ఏడూ అదే. నవ్వకపోతే గుర్తుపెట్టుకునేవారు.

నేను చేరేనాటికి నాకు ఇరవైమూడేళ్ళు. మాది సీతమ్మధార. మా అమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చిలో తప్ప తీరిగ్గా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. యూనివర్సిటీలో మంచి మార్కులతో బయటపడ్డాను కాబట్టి నాకు అన్నీ వచ్చనుకునేదాన్ని. ద్వారకా నగర్‌లో కంపెనీ బస్సెక్కి, ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు దాటేలోపు పక్క సీటువాళ్ళకి నా తెలివితేటలు సగం చెప్పేసేదాన్ని. మిగతా సగం తిరుగు ప్రయాణంలో.

మా పని బయటివాళ్ళకి చెప్పడం కష్టం. ఉన్నదాన్ని వెతికే పని కాదు, లేదని నమ్మకంగా చెప్పాల్సిన పని. ఇంజెక్షన్ సీసాలో ఒక్క క్రిమి కూడా లేదని మేం సంతకం పెడితేనే మందు గేటు దాటుతుంది. అందుకని మందుతో పాటు మా చేతుల్నీ పరీక్షించుకుంటాం. శుభ్రమైన గదిలో పని ముగించాక, గ్లవుజులు విప్పేముందు, అయిదు వేళ్ళనీ మీడియా పోసిన ప్లేటు మీద మెత్తగా అద్దాలి. వేళ్ళ మీద ఏదైనా ఉంటే నాలుగైదు రోజుల్లో అది చుక్కలా పెరిగి కనిపిస్తుంది. మూడు నెలలు గడిచినా నా ప్లేట్ల మీద ఒక్క చుక్క రాలేదు. నాకంటే పదేళ్ళు సీనియర్లకి కూడా అప్పుడప్పుడు వచ్చేది. నేను లోలోపల పొంగిపోతున్నాను.

ఒకరోజు అప్పలరాజు గారు గది అద్దం బయట నిలబడి నా పని మొత్తం చూశారు. నేను బయటికి రాగానే అడిగారు.

"ప్లేటు ముట్టుకునే ముందు ఏటి సేసినావమ్మా?"

"చేతులకి ఆల్కహాల్ కొట్టుకున్నాను సార్. శుభ్రంగా ఉండాలని."

"రోజూ అలగే సేత్తన్నావా?"

"రోజూ సార్," అన్నాను గర్వంగా.

ఆయన నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. ఆల్కహాల్ కొట్టుకుంటే వేళ్ళ మీద ఉన్నవి అప్పటికప్పుడు చస్తాయి. చచ్చినవి ప్లేటు మీద పెరగవు. పని జరుగుతున్నప్పుడు నా చేతులెలా ఉన్నాయో ఆ ప్లేటు చెప్పాలి. నేనేమో పరీక్షకి కూర్చునేముందు జవాబులు తుడిచేసుకుంటున్నాను. ఇది చదువుకోనివాళ్ళు చేసే తప్పు కాదు, శుభ్రం మరీ ఎక్కువైనవాళ్ళు చేసే తప్పు.

"మా అయ్య వల ఖాళీగా వొత్తే సంద్రంలో సేపల్లేవని ఎప్పుడూ అన్లేదు," అన్నారాయన. "వల సరిగ్గా ఏసినామా నేదా అని ముందు సూసుకునీవోడు. నీ మూడు నెల్ల సున్నాలూ సున్నాలు కావు తల్లీ. ఏటో మనకి తెల్దు, అంతే."

ఆ మూడు నెలల ప్లేట్లకీ నా చేతే నివేదిక రాయించారు. ఎక్కడ తప్పు చేశానో, ఎన్నాళ్ళు చేశానో, అంతా. రాస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆయన చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు. ఆ తర్వాత ప్లేటు అద్దాకే ఆల్కహాల్ ముట్టుకునేదాన్ని. నెల తిరక్కుండా నా ప్లేటు మీద మొదటి చుక్క వచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకెత్తి చూసి, "ఇదిగో, ఇప్పుడు నువ్వు ఉజ్జోగంలో సేరినావు," అన్నారు.

అసలు సంగతి ఆ తర్వాత రెండు నెలలకి జరిగింది. ఒక బ్యాచ్ ఇంజెక్షన్ సీసాల్లోంచి ఇరవై తీసి నేను పరీక్ష పెట్టాను. మందుని వడకట్టి, ఆ వడపోత పొరల్ని మీడియా పోసిన సీసాల్లో వేసి, పద్నాలుగు రోజులు వెచ్చగా ఉంచి, రోజూ వెలుతురుకి పట్టి చూడాలి. తేటగా ఉంటే మందు మంచిది. పదకొండో రోజు ఉదయం ఒక సీసా అడుగున పల్చటి మసక కనిపించింది. కదిపితే పొగలా లేచింది. పరుగున వెళ్ళి అప్పలరాజు గారిని పిలిచాను.

ఆయన సీసాని మూడుసార్లు చూశారు. "ఎవలికీ ఏటీ సెప్పకు. ముందు రాయి. టైమెయ్యి, సంతకం ఎట్టు. అప్పుడు నాను పైకి సెప్తాను."

ఇక్కడొక ముక్క చెప్పాలి. సీసా మసకేసినంత మాత్రాన మందు చెడ్డదని అనలేం. పరీక్ష చేసినవాళ్ళ చేతుల్లోంచి కూడా క్రిమి వెళ్ళి ఉండొచ్చు. అలా జరిగిందని రుజువైతే ఆ పరీక్ష చెల్లదు, వేరే ఇరవై సీసాలతో మళ్ళీ చెయ్యొచ్చు. వేల సీసాల్లో చెడ్డవి ఏ కొన్నో ఉంటే, రెండోసారి తీసిన ఇరవైలో అవి దొరక్కపోవచ్చు. మందు గేటు దాటిపోతుంది. కానీ పరీక్ష పెట్టిన రోజు నా చేతి ప్లేటు మీద ఏమీ లేదు. ఈసారి అది నిజమైన సున్నా. గదిలో గాలిని పరీక్షించడానికి తెరిచిపెట్టిన ప్లేట్లూ శుభ్రంగానే ఉన్నాయి. తప్పు నాదని చెప్పడానికి దారి ఒక్కటే మిగిలింది, నేనే చెప్పడం.

మర్నాడు ప్లాంట్ హెడ్ గారు నన్నొక్కదాన్నే పిలిపించారు. అప్పలరాజు గారు ఆ పూట క్లీన్‌రూమ్‌లో ఉన్నారు. ప్లాంట్ హెడ్ గారు మెత్తటి మనిషి, కాఫీ తెప్పించారు.

"చూడమ్మా, నువ్వు కొత్తదానివి. పరీక్ష చేసేటప్పుడు గ్లవుజు ఎక్కడైనా తగిలి ఉండొచ్చు కదా?"

"లేదు సార్. తగల్లేదు."

"తగల్లేదని గ్యారంటీగా చెప్పగలవా? మూడు నెలలు తప్పు చేసినా అది నీకు తెలియలేదు కదా."

ఆ మాట సూటిగా తగిలింది.

"నీమీద యాక్షన్ ఏమీ ఉండదు. రెండ్రోజులు ట్రైనింగ్ ఇస్తారు, అంతే. వచ్చే నెల నీ ఉద్యోగం కన్ఫర్మేషన్ కూడా ఉంది. ఒక్క లైను రాసివ్వు. మూత తీసేటప్పుడు గ్లవుజు బల్ల అంచుకి తగిలినట్టు గుర్తుంది అని."

నేను రాశాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది గానీ, ఆ గదిలో కూర్చున్న నాకు అదేదో పెద్దవాళ్ళ మాట మన్నించినట్టే అనిపించింది. నా ముందు పెట్టిన విచారణ కాగితం మీద ఆయన చెప్పిన వాక్యం నా చేత్తో రాసి, పేరు రాసి, తారీఖు వేశాను. మా అమ్మ రోజూ ఇలాంటి సీసాల్లోంచే రోగులకి సూది వేస్తుందన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుకే రాలేదు. గుర్తొచ్చినా రాయకుండా ఉండేదాన్నా అంటే, ఉండేదాన్ని కాదేమో.

ఆ కాగితం మీద విభాగం పెద్ద సంతకం కూడా కావాలి. పట్టుకెళ్ళి అప్పలరాజు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివారు. కోప్పడతారనుకున్నాను. గొంతు పెంచలేదు.

"నీ గ్లవుజు తగిలిందా?"

నేను తల దించుకున్నాను.

"అమ్మా, నిన్నే అడుగుతన్నాను. తగిలితే తగిలిందని సెప్పు, నాను ఇప్పుడే సంతకం ఎడతాను. తగల్లేదంటే నేదని సెప్పు. ఇంకేటీ వొద్దు."

"తగల్లేదు సార్." ఏడుపు ఆగలేదు. చెయ్యి చాచి కాగితం లాక్కుని చింపబోయాను. ఆయన అరచెయ్యి దాని మీద పడింది.

"సింపకు. మన దగ్గర కాయితం సింపితే ఉజ్జోగం పోద్ది. అది తెల్దా?"

తెలుసు. మా పనిలో రాసింది తుడవకూడదు, దిద్దకూడదు, చింపకూడదు. తప్పు రాస్తే దాని మీదుగా ఒక్కటే గీత గీయాలి, కింద అక్షరాలు చదవడానికి వీలుగా. పక్కన సరైనది రాసి, ఎందుకు మార్చామో రాసి, సంతకం, తారీఖు పెట్టాలి. ఇన్నాళ్ళూ బరువుల్లో, అంకెల్లో అలా గీతలు కొట్టాను. ఒక అబద్ధం మీద కొట్టడం అదే మొదలు.

"కొట్టేసి రాస్తే నన్ను ఉంచుతారా సార్?"

"ఉంచుతారో నేదో నాకు తెల్దు," అన్నారాయన. "నీకు అబద్ధం ఎందుకు సెప్పాల? నన్ను కూడా ఉంచుతారో నేదో తెల్దు."

పెన్ను ఇచ్చి పక్కన నిలబడ్డారు. గీత వంకర పోయింది. కింద రాశాను: గ్లవుజు ఎక్కడా తగల్లేదు. పై వాక్యం నిజం కాదు, భయపడి రాశాను. కారణం రాసే చోట ఇంకేం రాయాలో నాకు తోచలేదు. ఆయన చదివి, ఒక్క మాటైనా మార్చకుండా దాని కింద తన సంతకం పెట్టారు. తారీఖు ఎప్పుడూ మరవని మనిషి, ఈసారి మరిచిపోయి మళ్ళీ పెన్ను అందుకున్నారు. అది చూసి నాకు ధైర్యం రాలేదు, ఇంకా భయమేసింది.

తర్వాతి మూడు వారాలు చాలా కష్టంగా గడిచాయి. సీసాల్లో మందు నింపే ఫిల్లింగ్ లైను ఆపేశారు. నా కన్ఫర్మేషన్ కాగితం ఎక్కడో ఆగిపోయింది. తిరుగు బస్సులో నా పక్కన గానీ అప్పలరాజు గారి పక్కన గానీ ఎవరూ కూర్చునేవారు కాదు. ఒకరోజు ఫిల్లింగ్ గదిలో పనిచేసే నాయుడుబాబు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి అడిగాడు.

"ఏటి బావా, ఒక్క సీసా మసకేసిందని అందర్నీ కూకోబెట్టీసినావు?"

"నాను ఆప్లేదు బావా," అన్నారు అప్పలరాజు గారు. "ఆ సీసాయే ఆపింది. రేపు మనింట్లో పిల్లకి అదే సూదేత్తే?"

నాయుడుబాబు ముందుకి తిరిగి కూర్చున్నాడు. అలాగని ఒప్పుకున్నట్టూ లేదు.

చివరికి ఆ క్రిమి ఏదో తేలింది. ఫిల్లింగ్ గదిలో ఒక యంత్రం అడుగున అరిగిపోయిన రబ్బరు వాషర్ దగ్గర సరిగ్గా అదే క్రిమి దొరికింది. బ్యాచ్ మొత్తం ధ్వంసం చేశారు. నన్ను ఉంచారు. ఎవరూ మెచ్చుకోలేదు. ఆ ఏడు అప్పలరాజు గారికి రావాల్సిన ప్రమోషన్ ఆయన జూనియర్‌కి వెళ్ళింది. నేను ఉండబట్టలేక ఓసారి ఆ మాటెత్తాను. "ఒగ్గీ తల్లీ," అని, వదిలెయ్యమన్నట్టు చెయ్యి ఊపి, రిజిస్టరులోకి తల దూర్చారు. రిటైరయ్యేదాకా అదే కుర్చీలో ఉన్నారు.

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకొచ్చింది. ఒక తనిఖీలో పాత ఫైళ్ళు అడిగారు. వచ్చిన అధికారి ఆ పేజీ దగ్గర ఆగాడు. గీత కింద వాక్యాన్ని వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. తర్వాత దాని కిందిది చదివాడు.

"ఇదెవరి రాత మేడం?"

"రెండూ నావే," అన్నాను. నా కింద పనిచేసే అయిదుగురు పక్కనే నిలబడి ఉన్నారు. అతను నా మొహంలోకి ఒకసారి చూసి, పేజీ తిప్పాడు.

ఆ రోజు ఇంటికి వెళ్తూ అప్పలరాజు గారి మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది. చింపనిచ్చి ఉంటే ఆ అబద్ధం ఎవరికీ తెలిసేది కాదు. కొన్నాళ్ళకి నేనూ మరిచిపోయేదాన్ని. ఎప్పుడూ తొణకని మనిషినని అందరికీ చెప్పుకునేదాన్ని, నేనూ నమ్మేదాన్ని. ఇప్పుడు ఆ వీలు లేదు. ఏ కాగితం కింద పేరు రాయబోయినా, ఒక కప్పు కాఫీకి, నాలుగు మెత్తటి మాటలకి లొంగిన చెయ్యి ఇదేనని గుర్తొచ్చి ఆగుతుంది. జనం దాన్ని నా నిజాయితీ అంటారు. నా అబద్ధం నాకు నేర్పిన జాగ్రత్త అది. ఆయన చేసిందల్లా ఆ కాగితాన్ని నన్ను చింపనివ్వకపోవడం.