మా ఇంట గట్టి చీజ్ గట్టిపడని వైనం

నిన్న బెంగళూరు నుంచి కోడలు ఫోనులో ఒక ఫొటో పంపింది. గిన్నె నిండా నీళ్ల మజ్జిగలాంటిదేదో ఉంది. ఇంట్లోనే గట్టి చీజ్ చేయబోతే పాలు గడ్డకట్టనని మొండికేశాయట, కారణమేమిటో చెప్పమని అడిగింది. నాకు నవ్వాగలేదు. నా ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో మా వైపు చీజ్ అంటే గని అధికారుల బంగళాల్లో డబ్బాల్లో కనిపించే వస్తువు. దాన్ని కోలారు జిల్లా నంగలి దగ్గరి పల్లెలో సొంతంగా చేస్తానని నడుం కట్టిన మహానుభావుడు నాకు మొగుడు.

కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడ్డాక, అక్కడ ఆఫీసులో గుమాస్తాగా ఉండిన మా ఆయన పెట్టేబేడా సర్దుకుని, నన్ను వెంటబెట్టుకుని, తల్లి ఉన్న సొంతూరికి చేరారు. ఇంట్లో ఆవులున్నాయి, ఒకప్పుడు పైఅధికారి భార్య, ఆంగ్లో ఇండియన్ ఆవిడ, సరదాగా నేర్పిన చీజ్ విద్య ఆయన బుర్రలో ఉంది. బెంగళూరులో ఒక బేకరీ ఆయన, రుచి నచ్చితే ఎంత చేసినా కొంటానని మాటిచ్చాడు. కుదరకపోతే మాత్రం కోలారులో మా అన్నయ్య టమోటా మండీలో గుమాస్తాగా చేరాలి. మా అన్నయ్య మంచివాడే, కానీ బావమరిది దగ్గర కొలువంటే మా ఆయనకు తల కొట్టేసినట్టుండేది. ఆ ఒక్కటీ తప్పించుకోవడానికే ఇంత భగీరథ ప్రయత్నం.

మా అత్తగారు మడీ ఆచారం గల మనిషి కనుక, పాలను గడ్డకట్టించే మందు దూడ పొట్టలోంచి తీసింది కాకుండా శాకాహారపుదే తెప్పించారు. అది కలిపితే పాలు జున్నులా పేరుకోవాలి. మావి ఒక్కనాడూ పేరుకోలేదు, పైన నీళ్లు, అడుగున నూక. మందు మార్చారు, గిన్నె మార్చారు, చివరికి నా చూపు మంచిది కాదని నన్ను వంటింట్లోంచి పెరట్లోకి మార్చారు. అన్నిటికీ మించి ఇంకొక వింత, ఆయన స్నానం చేసి వచ్చి థర్మామీటరు ముంచేసరికి పాలు ఎప్పుడూ ఉండాల్సిన దానికంటే వేడిగా ఉండేవి. ఇంకేముంది, ఆవుకు జ్వరమని తేల్చేసి పశువుల డాక్టరును పిలిపించారు!

డాక్టరు ఆవును తోక నుంచి కొమ్ముల దాకా పరీక్షించి, ఇది నాకంటే ఆరోగ్యంగా ఉందని చెప్పి, పాల క్యాను మూత తీసి లోపలి మీగడ తెట్టు చూపించాడు. ఇవి మరగకాచిన పాలు, ఈ జన్మకు గడ్డకట్టవన్నాడు. అందరం అరుగు మీద బియ్యం ఏరుతున్న అత్తగారి వైపు తిరిగాం.

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "పచ్చిపాలు పొయ్యెక్కకుండా ఇంట్లో పెట్టుకుంటారేమప్పా? నువ్వు మర్చిపోయి స్నానానికి పోయినావని నేనే కాచి, చల్లార్చి, మళ్లీ పోసి పెట్టినాను."

"రోజూ మర్చిపోతానామ్మా?"

"గని మూసినప్పట్నుంచీ నీకు మతి యాడ ఉండాది, నాయనా?"

ఆయన గట్టిగా నవ్వేశారు. ఆయన అలా నవ్వగా విని ఎన్నాళ్లయిందో! నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి, అంత సంతోషమేసింది.

ఆ మర్నాటి నుంచి ఆయన పాలు పితికిన క్షణం నుంచి మందు కలిపేదాకా క్యాను పక్కనే పీట వేసుకుని కాపలా కూర్చున్నారు. అత్తగారు ఏదో వంకతో అటు వస్తూ, క్యాను వంక చూసి నిట్టూర్చి పోయేవారు. పాలు గడ్డకట్టాయి. గుడ్డలో మూటగట్టి రుబ్బుగుండు కింద అణిచాం, ఉప్పు రాసి చీకటి గదిలో నెలల తరబడి ఆరబెట్టాం. పైన బూజు పడితే తుడిచి, పగుళ్లు వస్తే నెయ్యి రాశాం. బేకరీ ఆయన వచ్చి, తిని, ఉన్నదంతా కారులో పెట్టుకుని పోయాడు. మండీ గండం గడిచింది. అత్తగారు మాత్రం వారం దాకా నా చెవిలో, "ఆయప్ప బాగుండాడా? కడుపులో ఏం కాలేదంట కదా?" అని అడుగుతూనే ఉన్నారు.

చాలా ఏళ్లు ఆ చీజే మా ఇంటికి అన్నం పెట్టింది. అత్తగారు దాన్ని ఒక్కసారీ నోట పెట్టలేదు, కానీ మా దగ్గరి ఆవని ఊరి తిరునాళ్లలో కనిపించిన వాళ్లందరికీ మావాడు చేస్తాడని చెప్పుకున్నారు.

ఆవిడ పోయి, కర్మలన్నీ ముగిశాక, మళ్లీ చీజ్‌కు పాలు తీసిన మొదటి రోజున నేను కాఫీ తీసుకుని పెరట్లోకి వెళ్లాను. మా ఆయన క్యాను పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. ఇంకెవరికోసమండీ ఈ కాపలా అని అడగబోయి, కాఫీ ఆయన చేతికిచ్చి వచ్చేశాను. ఇప్పుడు మా ఇంట్లో పచ్చిపాలు సాయంత్రం దాకా పొయ్యెక్కకపోయినా ఏమిటని అడిగే మనిషి లేదు.