నా పాటకు హద్దులు వెతికిన మేడం

మొన్న ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో వస్తుంటే డ్రైవర్ ఫోన్లో ఒక ఆడగొంతు పాట ఎత్తుకుంది. తునికాకు కోతకు పోతూ నడుం నొప్పిని తిట్టుకునే పాట. రాసింది నేనే. ఒకప్పుడు అది చెవిన పడితే చెవులు మూసుకునేదాన్ని. మొన్న మాత్రం హాయిగా గొంతు కలిపాను. పక్కనున్న పెద్దమ్మ ఎగాదిగా చూసినా ఆపలేదు. ఆ హాయి నాకు సుగుణ మేడం పెట్టిన భిక్ష.

సుగుణ మేడం ఖమ్మంలో భూమి కేసులు చూసే వకీలు. నేను ఆమె దగ్గర టైపిస్టుని. బుగ్గన లవంగం పెట్టుకుని కోపంగా మాట్లాడేది; కోపం లేనప్పుడు అసలు మాట్లాడేదే కాదు. ఎవరు దస్తావేజు తెచ్చినా పేర్లు చూడదు, ధర చూడదు, సరాసరి హద్దుల దగ్గరికే పోయేది. తూర్పున ఎవరిది, పడమర ఏముంది అని వేలు పెట్టి చదివేది. "నాలుగు హద్దులు లేని భూమి గాలిల ఉన్నట్టేనే" అనేది. విని విని నాకు విసుగొచ్చేది.

మాది ములకలపల్లి పక్కన అడవి పల్లె. ఏజెన్సీ భూమిని గిరిజనులు కాని బయటివాళ్లు కొనడం కుదరదు, కొన్నా చెల్లదు. ఆ ధీమా మాకు ఉగ్గుపాలతోనే వస్తుంది. అదే నన్ను ముంచింది. ఒక రికార్డింగ్ స్టూడియో ఆయన నా ఏడు పాటలు పాడిస్తానని కాగితం ముందు పెడితే చదవకుండానే సంతకం గీకేశాను. మా భూమినే కొనలేనివాళ్లు మా పాటనేం కొంటారని! వకీలు ఆఫీసులో పనిచేస్తూ చేసిన ఘనకార్యం ఇది. దీపం కింద చీకటని ఊరికే అన్నారా?

ఆరేళ్ల తర్వాత మా ఊరి ఆడపిల్లల కోసం ఆ పాటలు చిన్న పుస్తకంగా వేయబోయాను. స్టూడియో నుంచి నోటీసు వచ్చింది. పాటలన్నీ మావే, ఇన్నేళ్లుగా మేమే వాడుకుంటున్నాం, నువ్వు ఏనాడూ అడగలేదు, అచ్చు వేస్తే కోర్టుకు లాగుతాం అని. నేను కట్టుకున్న పాట నేనే పాడకూడదా? మేడం తిడుతుందని వారం రోజులు దాచాను. బియ్యం కడుగుతూ కూనిరాగం నోటికొస్తే ఠక్కున పెదవులు బిగించేదాన్ని.

ఆఖరికి ఒక పొద్దున రెండు కాగితాలూ ఆమె బల్ల మీద పెట్టాను.

"ఏందిది?"

"నా పాటలు పోయినయ్ మేడం."

"పోనీకి అవేమన్న మేకలా?"

నోటీసును పక్కకు నెట్టి, నా సంతకమున్న కాగితం మీద వేలు పెట్టింది, భూమి దస్తావేజు చదివినట్టే. "ఏమిచ్చినవ్? ఏడు పాటలు. ఎవరికి? రాసుంది. యాడ వాడుకోవాలె? దేశమంతా. ఎన్నాళ్లకు?" వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. "నాలుగో హద్దు లేదే!"

"అంటే ఎప్పటికీ ఆళ్లవేనా?"

మేడం నవ్వింది. ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను. "భూమయితే గట్లనే. అమ్మిన్నని రాసిస్తే గడువు లేకున్నా తరతరాలకు పోతది. పాటకు గట్ల కాదు. కాపీరైటు రాసిచ్చి గడువు రాయకుంటే, చట్టమే ఐదేండ్లని హద్దు గీస్తది. అవి దాటినయ్. అమ్మిన్ననుకుని ఏడుస్తున్నవ్, నువ్వు ఇచ్చింది కౌలుకే."

"మరి ఇన్నేండ్లు వాడుకున్నం అంటున్నరు?"

"పన్నెండేండ్లు కూసుంటే కబ్జాకు బలమొచ్చేది భూమి మీద. భూమిల ఒకడు దిగితే ఇంకొకడు బయటనే. పాట ఆళ్లు పాడే పొద్దే నీ నోట్ల కూడా ఉంటది. గసుంటిదాన్ని ఎట్ల కబ్జా చేస్తరు? కౌలుదారు పంట కౌలుదారుదే, ఆళ్ల రికార్డు ఆళ్లది. మాటలు నీవి." అంతలో కోపం గుర్తొచ్చినట్టుంది. "చదవకుండ సంతకం పెడ్తవా? ఎనిమిదేండ్లాయె నా దగ్గర టైపు కొట్టవట్టి, సిగ్గులేదా?"

ఆ తిట్లు ఎంత కమ్మగా ఉన్నాయో! వెక్కి వెక్కి ఏడ్చాను. జవాబు నోటీసు నేనే టైపు చేశాను. ఐదేళ్లు అన్న మాట రెండుసార్లు తప్పు కొట్టాను. నెల తిరక్కుండా వాళ్ల వకీలు నుంచి ఒకే వాక్యం వచ్చింది, పుస్తకానికి అభ్యంతరం లేదని. మేడం చదివి, "ఇగ పాడు" అంది.

"ఇక్కడనా మేడం?"

"నీ పొలంలకు నువ్వు పోనీకి ముహూర్తమెందుకే?"

అక్కడే నిలబడి ఏడు పాటలూ పాడాను. బయట బెంచీ మీద కూర్చున్న కక్షిదారులు తొంగి చూశారు. మేడం ఎవర్నీ లోపలికి పిలవలేదు.

ఇప్పుడు మేడం లేదు. మా పల్లె పిల్లలు తమ పాటలు ఫోన్లలో పెడుతున్నారు. "అక్కా, దీని మీద సంతకం పెట్టమంటున్నరు, పెట్టాల్నా?" అని ఎవరెవరివో కాగితాలు పట్టుకొస్తారు. నేను వేలు పెట్టి చదువుతాను. ఎన్నాళ్లకో రాసి లేకపోతే నా గొంతు దానంతటదే లేస్తుంది. "చదివినవా అసలు? పో, గడువు రాయించుకుని రా!" పిల్లలు బెదిరిపోతారు. బెదరనీ. వాళ్ల పాటలు వాళ్ల నోటనే ఉంటాయి.