ఆర్డరు రాయకముందే పిలిచిన మనిషి

మా స్టోరు సారు సూర్యనారాయణగారు శుక్రవారం పొద్దున గన్‌ఫౌండ్రీలోని స్వగృహంలో పరమపదించారు. కబురు వినగానే కుట్టుమిషను మీద నా కాలు ఆగిపోయింది. దాచకుండా రాస్తాను: ఆ దుఃఖంలోనే గుండె తేలికపడింది కూడా. ఆయన దిగులు తీరాకే వెళ్లారు.

నాంపల్లిలోని ఒక దవాఖానకు, ఆపరేషన్‌లో రోగి మీద కప్పే, నడుమ రంధ్రమున్న గుడ్డలు నేను కుట్టి ఇస్తాను. మొదట్లో నాకు అక్షరం రాదు. కాగితం మీది కొలత మా ఆవిడ చదివితే కుట్టేవాణ్ణి. సారు ఆ దవాఖానకు స్టోరు అధికారిగా వచ్చిన కొత్తలో నన్ను లోపలికి పిలిపించారు. సరుకు తిప్పిపంపుతారని భయపడుతూ వెళ్లాను. అక్కడ నర్సమ్మ కత్తెరతో నా గుడ్డ కోస్తోంది.

"గదేందమ్మా, కొత్త బట్ట కోస్తున్నవ్?"

"గింత చిన్న బొక్క పెడితే డాక్టర్ సాబు చెయ్యి యాడ పెట్టాలె అన్నా? రోజూ కోసుడే. రాలిన దారాలు ఏరుడు ఇంకో పని."

"ఇన్నేండ్ల సంది ఒక్కమాట చెప్పకపోతివి?"

"నువ్వెవరో నాకేమెరుక?"

సారు నవ్వలేదు. "తప్పు మీది కాదు. కొలత రాసినవాళ్లు మీ ఇద్దర్నీ అడగలేదు," అన్నారు.

అప్పటినుంచి ఆర్డరు రాయకముందే అమ్మేవాళ్లనూ వాడేవాళ్లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఆయన నియమమైంది. కొత్త వార్డు నక్షా చూసి ఆక్సిజన్ సిలిండర్లాయన "ఈ మూలకాడ బండి తిరగదు సార్" అన్నాడు. గోడ లేవకముందే తలుపు జరిపించారు. మేం తెచ్చిన చాయ్ మాత్రం ఎన్నడూ ముట్టలేదు. "మీ చాయ్ తాగితే రేపు నా మాట ఎవరు నమ్ముతారయ్యా?" అనేవారు.

రిటైరై మంచం పట్టాక ఆయనకు ఒక్కటే వ్యథ. "నాతోనే అది ఆగిపోతుంది మల్లేశం. మళ్లీ మీకు కాగితాలే వస్తాయి." నిజంగానే ఆయన స్థానంలో వచ్చిన కొత్త మేడమ్ నెలల తరబడి ఎవరినీ పిలవలేదు. ఏం చెప్పాలో తెలియక నేను సారు దగ్గరికి వెళ్లడమే తగ్గించాను.

పోయిన వారం మేడమ్ మా అందరినీ, డాక్టర్లనూ నర్సులనూ ఒకే బల్ల దగ్గరికి పిలిచారు. అటునుంచి అటే ఆటో ఎక్కి సారు ఇంటికి పోయాను.

"ఏమన్నారు?" అన్నారు, లేవబోతూ.

"చిన్న డాక్టరు నా కుట్టు బాగలేదన్నడు సార్. మొఖం మీదనే."

"మొహం మీదే అన్నాడా! అయితే ఫరవాలేదు," అని చాలాసేపు నవ్వారు.

అటువంటి నిష్కళంక కర్మయోగి మాకు మళ్లీ దొరకరు. ఆ లోటు లోటే. సోమవారం మాకు మళ్లీ పిలుపు ఉంది సారూ, పోతున్నాం. మీరు నిశ్చింతగా ఉండండి.