లడ్డూ వాళ్ళ నాయనమ్మ

మొన్న పొద్దున డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు అవతల నుంచి ఒకావిడ "లడ్డూస్ మమ్!" అని, అంటే లడ్డూ వాళ్ళమ్మా అని, గట్టిగా కేకేసింది. నెత్తిన ఉన్ని టోపీ, చేతిలో తాళ్ళు, తాళ్ళకు రెండు కుక్కలు. ఆవిడ పేరు నాకు తెలియదు, నా పేరు ఆవిడకు తెలియదు. మా కుక్క లడ్డూ పోయి కూడా చాలా కాలమైంది. అయినా చటుక్కున తిరిగి చెయ్యి ఊపాను. బ్రిటన్‌లో, ఈ కార్డిఫ్‌లో ఇన్నేళ్ళుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను, నా బ్యాడ్జి మీద ఇంతింత అక్షరాలతో పేరుంటుంది, దాన్ని సరిగ్గా పలికిన మహానుభావులు తక్కువ. కుక్క పేరు మాత్రం అందరి నోటా తిరిగింది. బస్సెక్కి కూర్చున్నాక మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ ఇంట్లోనే ఉన్నారు లెండి, నాకు గుర్తొచ్చింది అప్పటి అత్తగారు.

ఆ కుక్క మా ఇంటికి రావడమే ఒక యుద్ధం. మా అమ్మాయి తిండి మానేస్తానని బెదిరించి, మానకుండానే గెలిచింది. దిక్కులేని కుక్కల షెల్టర్ నుంచి పొట్టి కాళ్ళ గోధుమరంగు కుక్కను తెచ్చి, గుండ్రంగా ఉన్నాడని లడ్డూ అని పేరు పెట్టింది. అప్పటికి మామగారు పోయి, అత్తగారు తెనాలి వైపు నుంచి మా దగ్గరికి వచ్చి కొద్ది నెలలే అయింది. ఆవిడ ఎరిగిన కుక్కలు అరుగు కింద పడుకుని, మిగిలిన అన్నం తిని, గుమ్మం దాటకుండా బతికినవి. "ఇదేందమ్మాయ్, వంటింట్లోకి కుక్కా! ప్రభువా!" అని కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కుర్చీ ఎక్కినంత పని చేశారు. తినే వస్తువు పేరు కుక్కకు పెట్టడం ఆవిడ దృష్టిలో ఇంకో తప్పు. అందుకని "ఒరేయ్" అనే పిలిచేవారు. వాడికి అదే బాగా పట్టుబడింది. మా వారి స్నేహితుడు ఇంటికొచ్చి మా వారిని "ఒరేయ్" అని పిలిస్తే, ముందు వీడు లేచి తోకాడించుకుంటూ వెళ్ళేవాడు.

నా డ్యూటీల రోటా ఒకవారం పగలు, ఒకవారం రాత్రి. మా వారు రైలెక్కి ఆఫీసుకు, అమ్మాయి స్కూలుకు. ఇంట్లో మిగిలేది ఇంగ్లీషు రాని అత్తగారు, ఏ భాషా రాని లడ్డూ. ఆదివారం చర్చిలో మనవాళ్ళు నలుగురు "బాగున్నారా ఆంటీ" అని పలకరిస్తే సరి, మిగతా రోజులన్నీ ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలోనే. మనవరాలికి నాయనమ్మ తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. కాసేపు అలా బయట తిరిగి రండి అత్తయ్యా అంటే, "ఎవరున్నారని పోయేది?" అనేవారు. రోజురోజుకీ మాట తగ్గిపోతోంది. వార్డులో అలా మాట తగ్గిపోయిన ముసలివాళ్ళను చూసిన కళ్ళు నావి. భయమేసేది.

ఒకరోజు నా షిఫ్టు ముగిసేసరికి ఆలస్యమైంది. వచ్చి చూస్తే ఇల్లు ఖాళీ. అత్తగారు లేరు, కుక్క లేదు. ఒంటరిగా ఎన్నడూ గడప దాటని మనిషి! మా అమ్మాయి లడ్డూను తిప్పే పార్కుకు యూనిఫాంలోనే పరుగెత్తాను. అక్కడ బెంచీ మీద, చీర మీద మా వారి చలికోటు, మంకీ క్యాప్, నా స్పోర్ట్స్ బూట్లు వేసుకుని కూర్చున్నారు ఈవిడ. పక్కన తెల్ల గడ్డం పెద్దాయన, ఆయన నల్ల కుక్క. ఆయన ఇంగ్లీషులో వాన గురించి చెప్తున్నాడు, ఈవిడ తెలుగులో మోకాళ్ళ గురించి చెప్తున్నారు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు.

"వాడు తలుపు దగ్గర ఒకటే ఏడుపు. పాపం ఎట్టా ఆపుకుంటాడు?" అన్నారు నన్ను చూసి. పెద్దాయన నాతో "లడ్డూస్ గ్రాన్" అని ఏదో మెచ్చుకోలుగా అన్నాడు. లడ్డూ మెడపట్టీ మీద పేరు చూసుంటాడు. నన్నేమంటున్నాడని అత్తగారు అడిగారు. కుక్కకు నాయనమ్మను చేశాడంటే ఏం గొడవ చేస్తారోనని నసిగి, చివరికి చెప్పేశాను.

ఆవిడ లడ్డూ మెడపట్టీ సవరించారు. "మనూళ్ళోనూ అంతేగా అమ్మాయ్. పెళ్ళయ్యాక నా పేరు ఎవరు పలికారు? మీ ఆయన పుట్టాక వాడి పేరు చెప్పి, వాళ్ళమ్మ అనేవాళ్ళు. ఈడకొచ్చాక అదీ పోయింది. మళ్ళీ ఇన్నాళ్ళకి ఎవరో ఒకరి మనిషినయ్యాను" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. లడ్డూను సముదాయిస్తున్నట్టు వంగాను.

ఆ తర్వాత ఇంట్లో వాడి రాజ్యమే. కుక్కకు ఉల్లిపాయ విషమని డాక్టరు చెప్పాడని, ముందు వాడికి ఉప్పూ కారం లేని చికెన్ ఉడికించి తీశాకే మా కూరకు తాలింపు పడేది. "కన్నకొడుకుకంటే ఎక్కువైపోయాడు" అని మా వారు సణిగితే, "వాడు నన్ను షికారుకు తీసకపోతన్నాడు. నువ్వు తీసకపోయావా?" అనేవారు. పార్కులో అందరూ ఒకరికొకరు ఫలానా కుక్క వాళ్ళ అమ్మ, ఫలానా కుక్క వాళ్ళ తాత. సొంత పేరుతో అక్కడ ఎవరికీ పని పడలేదు.

కుక్కల వయసు మనకంటే తొందరగా పరుగెడుతుంది. ఒక శీతాకాలం లడ్డూ తిండి మానేశాడు, క్రిస్మస్ చూడకుండానే పోయాడు. మా అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. అత్తగారు ఏడవలేదు. బూట్లు తుడిచి షెల్ఫు కింద పెట్టేసి, మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నారు. పార్కుకు వెళ్దామంటే, "వాడు లేకుండా ఏ మొహం పెట్టుకుని పోను? ఎవరి మనిషినని పోను?" అన్నారు. మామగారు పోయాక పెళ్ళిళ్ళకు పిలిచినా ఇదే మాటట, మా వారు చెప్పారు. ఇంకో కుక్కను తెద్దామంటే వద్దన్నారు. మాట మళ్ళీ తగ్గుతోంది. ఈసారి వెనక్కి తెచ్చే దారి నాకు కనపడలేదు.

ఒక శనివారం బెల్లు మోగింది. గుమ్మంలో తెల్ల గడ్డం పెద్దాయన, పక్కన నల్ల కుక్క. లడ్డూ వాళ్ళ గ్రాన్ ఉన్నారా అని అడిగాడు. అత్తగారు లోపలి నుంచే, "లడ్డూ లేడని చెప్పు తల్లీ" అన్నారు. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. ఆయన ఏదో అన్నాడు. అది విని అమ్మాయి నాయనమ్మ వైపు తిరిగి, ఎప్పుడూ లేనిది, తప్పులతడక తెలుగులో, "నాయనమ్మా, ఆయనకి తెలుసు. లడ్డూ కోసం కాదు, నీ కోసం వచ్చాను అంటున్నారు" అంది.

అత్తగారు అప్పుడు ఏడ్చారు, ఇల్లంతా వినపడేలా. ఏడుస్తూనే బూట్లు తొడుక్కున్నారు. "ఆయన్ని లోపలికి రమ్మను, కాఫీ తాగి పోదాం" అని వంటింట్లోకి నడిచారు. వెనకాలే నల్ల కుక్క గుమ్మం దాటి వంటింటి దాకా వెళ్ళింది. ఈసారి అత్తగారు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకోలేదు.

మొన్న ఇంటికొచ్చి బస్టాపు సంగతి చెప్తే, "తిరిగి చూశావా మరి?" అని అడిగారు. చూశానత్తయ్యా అన్నాను. "మంచి పని చేశావు" అని, బూట్ల తాళ్ళు బిగించుకుని, ఆలస్యమైపోతోందంటూ పార్కుకు వెళ్ళిపోయారు. లడ్డూ తిన్న గిన్నెలో ఇప్పుడు కొత్తిమీర మొలిచింది. వాడు మాతో ఉన్న కాలం కంటే, వాడి పేరుతో మమ్మల్ని పిలుస్తున్న కాలమే ఎక్కువైపోతోంది.