మేం ఒడియా అనుకున్న పాట

ఆ మధ్య ఒక మధ్యాహ్నం మా ఆవిడ కుట్టుమిషనుకి నూనె వేస్తుంటే, ఆ వాసన తగలగానే కోటబొమ్మాళిలో నా చిన్నప్పటి నేస్తం అప్పన్న వాళ్ళ వీధరుగు, దాని మీద మూత తెరిచిన గ్రామఫోను పెట్టె కళ్ళ ముందుకొచ్చాయి. ఆ పెట్టె లోపలికీ ఇదే నూనె వేసేవారు.

అప్పన్న మేనమామ ఓడల్లో బొగ్గు వేసే పని చేసేవాడు. ఆఫ్రికా దేశాలింకా తెల్లవాళ్ళ ఏలుబడిలో ఉన్న రోజుల్లో అక్కడి ఏదో రేవులో గ్రామఫోనూ, నాలుగు రికార్డులూ కొని, గోనెసంచిలో చుట్టి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. ఎండాకాలం సాయంత్రాలు అరుగు కడిగి, తడిసిన మట్టి వాసనలో కాల్చిన జీడిపిక్కల పొగ వచ్చి కలుస్తుండగా, వేళ్ళకి తాటిముంజెల జిగురుతోనే పిల్లలందరం ఆ పెట్టె చుట్టూ చేరేవాళ్ళం. రెండు గిటార్లు ఒకటి అడిగితే ఒకటి జవాబిస్తున్నట్టు మోగేవి, వెనకాల గింజలు పోసిన ఎండు సొరబుర్ర ఆడిస్తున్నట్టు చప్పుడు, ఆ పైన ఇద్దరు మగవాళ్ళ మెత్తటి గొంతులు.

ఆ భాషేమిటో అప్పన్న తల్లి తేల్చేసింది. "ఒడియా పాటే. మా పర్లాకిమిడి పెద్దమ్మ ఇలాగే మాటాడతాది." ఊళ్ళో మిఠాయి కొట్టు నడిపే ఒడియా ముసలాయన వచ్చి విని, ఇది తమ భాష కాదన్నాడు. ఆయనకే ఒడియా సరిగ్గా రాదని వీధంతా నవ్వుకున్నాం.

కీ తిప్పడం అప్పన్నకే చెల్లేది. చుట్టరికం లేకపోయినా మేం బావా అని పిలుచుకునేవాళ్ళం. నేను చెయ్యి చాస్తే, "నీకు రాదు బావా, స్ప్రింగు తెగ్గొట్టెస్తావు" అనేవాడు. అది ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వాడి ఆట. పాట మొదలవగానే మోకాళ్ళు కాస్త వంచి, మడమలతో నేల తడుతూ, గిటారు ఎక్కడ ఆగితే అక్కడ ఆగేవాడు.

మాది గుళ్ళో సన్నాయి వాయించే ఇల్లు. నాన్న పొద్దున్నే నన్ను కూర్చోబెట్టి తొడ మీద తాళం వేయించేవాడు. తప్పితే తిట్టేవాడు కాదు, "మళ్ళీ మొదట్నించి" అనేవాడు, అంతే. ఒకసారి అమ్మవారి పండగ రోజుల్లో, నాకని కొన్న బెల్లం జీళ్ళ మిఠాయి పొట్లం చేతిలో పట్టుకుని నాన్న ఇంటికొస్తూ అరుగు ముందు ఆగి, పాటంతా అయ్యేదాకా అప్పన్న కాళ్ళే చూశాడు.

"ఈడికి లయ పుట్టుకతో వచ్చినాదిరా," అన్నాడు, నాతోనే. పొట్లంలో సగం జీళ్ళు వాడి చేతిలో పోశాడు.

నా వంతు జీళ్ళు నేను తినలేదు. అలాంటి మాట నాన్న నన్ను ఎప్పుడూ అనలేదు, అనకుండానే పోయాడు. నేను సన్నాయి వదిలేసి ఉద్యోగం చేసుకుని రిటైరయ్యాను.

నూనె వాసన వచ్చిన ఆ రోజు నుంచీ, భోజనాలయ్యాక ఫోనులో ఆఫ్రికా పాత పాటలు ఒక్కొక్కటే విని, విన్నదాన్ని డైరీలో రాసుకుంటూ పోయాను. ఒకనాడు ఆ రెండు గిటార్లూ పలికాయి. కాంగో పాటట. పాట కింద కామెంట్లలో ఏ ఏ దేశాల వాళ్ళో తమ సొత్తయినట్టు మురిసిపోతూ రాసుకున్నారు. మా వీధి పాట మీద వాళ్ళకేం హక్కని ఉడుక్కున్నాను. అయినా ఈ ఒక్కదాంట్లోనైనా అప్పన్న కన్నా నేనే ముందని ఒక తృప్తి.

అప్పన్న ఇప్పుడు అరసవల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. మోకాళ్ళు పట్టేసి మంచం దిగడు. అక్కడికి వెళ్ళి, పాట పెట్టి ఫోను వాడి చెవి దగ్గర ఉంచాను.

"ఏటి బావా ఇది? ఏ సినిమాలోది?"

గ్రామఫోను గురించి చెప్పాను. రోడ్డు వెడల్పులో పోయిన అరుగు గురించి చెప్పాను. నాన్న అన్న మాట కూడా చెప్పాను.

"మీ నాయన అలాగన్నాడా? నాకు గుర్తే లేదు బావా," అన్నాడు, నవ్వుతూ.

ఇన్నేళ్ళూ నన్ను కాల్చిన మాట, దాని సొంతదారు దాచుకోను కూడా లేదు. కోపంతో పాట ఆపబోతూ చూశాను. దుప్పటి కింద వాడి మడమ కదులుతోంది. గిటారు ఆగిన చోట ఆగి, కదిలిన చోట కదులుతోంది. వాడికి ఆ సంగతే తెలిసినట్టు లేదు.

వాడితో పాటు నేనూ తొడ మీద తాళం వేశాను. రెండో వరసకే తప్పింది.

పాటని మళ్ళీ మొదట్నించి పెట్టాను.