పచ్చ రేకు కింద మచ్చ

దయ్యాల కథలు వింటే నాకు నవ్వొచ్చేది. గిద్దలూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ మెట్ల కింద ఎవరో ఏడుస్తున్నారని అమ్మాయిలంతా ఒకే గదిలో ముడుచుకుని పడుకుంటే, నేను పోయి ఆ మెట్ల కిందే కూర్చుని పరీక్షకు చదువుకున్నాను. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, కింద రాసేది చదివి నన్ను భయస్తురాలు అనుకోవద్దని.

మాది మార్కాపురం. పోయిన ఎండాకాలం మా ఆయన ఇంటి ముందు పంచకు ఆకుపచ్చ ఫైబర్ రేకులు వేయించాడు. సిమెంటు రేకులైతే చీకటిగా ఉంటుందని. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి ఆ పంచలో ఉన్నవన్నీ పచ్చగా మారిపోతాయి. గోడ, నీళ్ల బిందె, ఆరేసిన గుడ్డలు, మన చేతులు. అక్కడ కాసేపు కూర్చుని బయటికొస్తే వీధంతా ఎర్రెర్రగా కనిపిస్తుంది. అది కళ్లు అలవాటు పడటం వల్ల. నేను చదివింది బీఎస్సీ, ఆ మాత్రం తెలుసు.

మా అత్త మంచం అక్కడే ఉంటుంది. అన్నం తిని ఎండ తగ్గేదాకా పడుకుంటుంది. ఆమెకూ నాకూ మొదటి నుంచీ పడదు. "చదువుకున్న కోడలు చారు కాస్తే డాక్టరు మందు మాదిరే ఉంటాది, ముక్కు మూసుకొని తాగాల" అని వీధిలో వాళ్లకు వినపడేటట్టు అంటుంది. పాప పుట్టాక ఇంకా ముదిరింది. పాపకిప్పుడు రెండేళ్లు.

ఒకరోజు పాపకు పంచలో అన్నం తినిపిస్తున్నాను. అత్త వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. తెల్లచీర. మనిషంతా పచ్చగా ఉంది. ఎడమవైపు డొక్క కింద మాత్రం అరచేయంత మేర ఆ పచ్చదనం లేదు. ఊదా కలిసిన నలుపు. మూల విరిగిన పలక ముక్క ఆకారంలో ఉంది. మా ఊళ్లో పలకల ఫ్యాక్టరీల బయట అట్లాంటి ముక్కలు గుట్టలుగా పోసి ఉంటాయి, అందుకే ఆ పోలిక తట్టింది.

రేకు మీద ఏదో పడిందనుకుని స్టూలు ఎక్కి చూశాను. ఏమీ లేదు. మర్నాడు అత్త స్నానానికి పోయినప్పుడు మంచం రెండు మూరలు పక్కకు జరిపాను. మధ్యాహ్నం మచ్చ ఆమెతోపాటే అక్కడికొచ్చింది. చీర మారినా ఉంది. నా చేయి దాని మీదుగా పెట్టాను. చేయి పచ్చగానే ఉంది, వేళ్ల సందుల్లో మచ్చ మచ్చలాగే ఉంది. మా ఆయన మీద, పాప మీద, నా మీద ఏమీ లేదు. అత్త బయట ఎండలో నిలబడితే ఆమె మీదా లేదు.

ఇంకొకటి. నేను ఎంత చప్పుడు లేకుండా దగ్గరికి పోయినా ఆమె కళ్లు తెరిచేది. నిద్రలోంచి లేచిన కళ్లు కావు అవి. అంతసేపూ నన్నే చూస్తున్నట్టు ఉండేవి.

ఆ రోజుల్లోనే ఆమెకు రక్తం తక్కువగా ఉందని, పేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష చేయించమని మా ఊరి డాక్టరు చెప్పాడు. అత్త ఒప్పుకోలేదు. నాకు భయమేసి మా ఆయనకు మచ్చ సంగతి చెప్పాను. నమ్మడేమోనని పాప పలక మీద బలపంతో ఆ ఆకారం గీసి చూపించాను. వాకిలి దగ్గర నిలబడి అత్త అంతా వినింది.

"నేనెప్పుడు పోతానా అని మంచం చుట్టూ తిరుగుతాండావా? నా ఒంటి మీద నల్లమచ్చ చూసినావా? ఏం కండ్లమ్మే నీవి!"

"అట్ల కాదత్తా, పరీక్ష చేయించుకుంటే..."

"చేయించుకుంటా. కెమెరా యాడ పెడతారో పెట్టనీ. ఏమీ లేదని తేలినాక నువ్వు మీ నాయనింటికి పోవాల. పాప ఈడనే ఉంటాది."

మా ఆయన నేల చూస్తూ "ఊరికే అంటాందిలే" అన్నాడు. ఆమె ఊరికే అనే మనిషి కాదని ఆయనకూ తెలుసు.

సోమవారం గుంటూరులో ఒక ఆసుపత్రికి రమ్మన్నారు. మేం క్రైస్తవులం, ఆదివారం అత్త గుడి మానదు. ఆ ఆదివారం ప్రభువు బల్ల, యేసు రక్తమని అందరికీ ద్రాక్షరసం ఇచ్చే రోజు. ఆరాధన అయ్యాక గిన్నెలు కడిగేది ఆమే. మిగిలిన ద్రాక్షరసం మోరీలో పోయకూడదని ఎప్పుడూ తానే తాగేస్తుంది. ఆరోజు మాత్రం చిన్న సీసాలో పోసి మూటలో పెట్టుకుంది. మాకు తెలియదు. పాపను మా అమ్మ దగ్గర వదిలి మధ్యాహ్నం రైలెక్కాం. లాడ్జిలో కడుపు కడిగే పొడి నీళ్లలో కలిపి తాగించాను. ఎర్రవి ఏవీ తాగించొద్దని ఆసుపత్రి నర్సు ముందే గట్టిగా చెప్పింది. కడుపంతా ఖాళీ అయ్యాక, మేం నిద్రపోయినప్పుడు, అత్త ఆ సీసా తాగేసింది.

పరీక్ష మొదలైన కాసేపటికే నర్సు బయటికొచ్చి నా మీద విరుచుకుపడింది. "ఏం తాగించారమ్మా? లోపలంతా ఎర్ర మరకలు!" లోపలికి రమ్మంది. మత్తు కొంచెమే ఇచ్చినట్టున్నారు, అత్త మాట్లాడుతోంది.

"ప్రభువు రక్తం సామీ. లోపల ఉంటే ఏ కీడూ రాదని తాగినా. ఈమె కండ్లు మంచివి కాదు."

డాక్టరు నవ్వాపుకున్నాడు. తర్వాత నాతో, "ఇంకొకరైతే మళ్లీ రమ్మంటారు. కడిగి చూస్తున్నా. మామూలు లైటులో ఏది మరకో ఏది పేగు పొరో తెలియడం లేదు. ఇంకో లైటు ఉంది, అది అన్నిచోట్లా ఉండదు" అని మీట నొక్కాడు.

తెర పచ్చగా అయిపోయింది.

నీలం వెలుగు పడితే ఆరోగ్యంగా ఉన్న పొర దానంతటదే ఆకుపచ్చగా మెరుస్తుందని, తేడా ఉన్నచోటు మాత్రం ఊదారంగుకు తిరుగుతుందని ఆయన చెప్తున్నాడు. నాకు సగమే వినపడింది. కెమెరా గొట్టం మెల్లగా వెనక్కి వస్తోంది. పచ్చ, పచ్చ, పచ్చ. ఒక మలుపు దగ్గర ఊదా కలిసిన నలుపు. మూల విరిగిన పలక ముక్క.

మామూలు లైటులో అది కూడా ద్రాక్షరసం మరకలాగే ఉండిందని, బల్లపరుపుగా ఉండటంతో వదిలేసి పోయేవాణ్ణని డాక్టరే అన్నాడు. ఎక్కడుందని అడిగితే అత్త డొక్క కింద ఎడమవైపు వేలు పెట్టి చూపించాడు. అది గోరంతే ఉంది. తీసేశాడు. ముక్క పరీక్షకు పోయింది. రిపోర్టు వచ్చాక, క్యాన్సరేనని, ఇప్పుడిప్పుడే మొదలైందని, అంతా తీసేశామని, మళ్లీ వచ్చి చూపించుకుంటూ ఉండాలని చెప్పారు.

నేను ధైర్యం చేసి రేకుల సంగతి అడిగాను. ఆయన ఎగతాళి చేయలేదు. "ఎండ ఒంటి లోపలికి అంత దూరం పోదమ్మా. ఆ వెలుగు వేరు, మీ రేకు వేరు. భయంలో ఏదో చూసుంటారు" అన్నాడు. నేను చదివిన చదువూ అదే చెప్తుంది.

ఇంటికొచ్చాక ఆసుపత్రి వాళ్లిచ్చిన రంగు ఫోటో పాప పలక పక్కన పెట్టాను. నేను గీసిన గీత ఇంకా చెరగలేదు. మా ఆయన రెండూ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అరచేత్తో పలక తుడిచేశాడు.

నన్ను మా నాయనింటికి పంపలేదు. కానీ అత్త వీధంతా చెప్పింది, "మా కోడలు ఆ మచ్చను చూసింది కాదు, అదే పెట్టింది" అని. పక్కింటి వాళ్లు ఇప్పుడు నా ముందు పిల్లల్ని చంకకెత్తుకుని లోపలికి పోతారు. అట్లా చెప్పిన మనిషే రోజూ మధ్యాహ్నం రేకు కింద వెల్లకిలా పడుకుని నన్ను పిలుస్తుంది. "చూడు." చూస్తాను. ఏమీ లేదు. "ఏమీ లేదత్తా" అంటాను. అప్పుడు అటు తిరిగి నిద్రపోతుంది.

ఈరోజు మంచం మీద ఆమె లేదు. నా పాపను పడుకోబెట్టి, లేవకుండా భుజాలు పట్టుకుని కూర్చుంది.

"దీన్ని గూడా చూడు."

"పాపనొద్దత్తా."

"ఏం? నా మీదైతే కనపడతాదా? చూసి చెప్పు. చెప్పకుంటే ఆ పాపం నీదే."

నేను కళ్లు మూసుకుని ఏమీ లేదన్నాను. ఆమె చూస్తున్నది పాపను కాదు, నా ముఖాన్ని. "కండ్లు తెరిసి చెప్పమ్మే" అంది. పాపను లాక్కుని లోపలికొచ్చేశాను.

ఆ మచ్చ నాకెట్లా కనపడిందో నాకు తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా లెక్క కుదరడం లేదు. రేకులు పీకించేయమని మా ఆయన్ని అడిగాను. అమ్మ ఒప్పుకోదన్నాడు. పాప నా పక్కనే నిద్రపోతోంది. ట్యూబులైటు వెలుగులో చొక్కా ఎత్తి పొట్ట, వీపు అంతా వెతికాను. ఎప్పటిలాగే ఉంది. ఈ లైటులో అత్త కూడా ఎప్పటిలాగే ఉండేది.

రేపు కూడా ఎండ కాస్తుంది. ఆమె పిలుస్తుంది. పిలవకపోయినా, నేనే పాపనెత్తుకుని ఆ రేకు కిందికి పోతానేమోనని భయంగా ఉంది.